పెద్దత్త ఇంటికి పోయే సెలవులు

మా నాయినకు ఇద్దరు అక్కలు, ఒక చెల్లె. అమ్మకు ఒక అక్క, ఒక చెల్లె, ఇద్దరు తమ్ముళ్లు. ఆ లెక్కన మాకు అత్తలకు, పెద్దమ్మ చిన్నమ్మలకు ఏనాడూ కరువు లేదు. నల్లగొండలో మా ఇంటికి ప్రతి పండక్కీ ఎవరో ఒకరు సంచి పట్టుకొని దిగేవాళ్లు. ప్రతి సెలవులకూ మేం ముగ్గురు పిల్లలం ఎవరో ఒకరి ఇంటికి సంచి పట్టుకొని పోయేవాళ్లం. అత్తలంటే గారాబం చేస్తారు, అడిగింది వండి పెడతారు, అమ్మ కొట్టబోతే అడ్డం వస్తారు అని అందరూ చెప్పుకుంటారు. నిజమే, మా అత్తలూ అవన్నీ చేశారు. కానీ ఆ గారాబం ఊరికే రాలేదు. దాని వెనక వాళ్లు పెట్టిన ఖర్చు ఉంది. చేతుల కష్టం, కడవల నీళ్లు, చివరికి పుట్టింటి భూమి. ఆ లెక్క ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

పెద్దత్తతోనే మొదలుపెట్టాలి. పెద్దత్తది పుట్టపాక, సంస్థాన్ నారాయణపురం దగ్గర. మేం పద్మశాలీలం. నాయిన చదువుకొని గుమాస్తా ఉద్యోగంలో పడ్డాడు కాబట్టి మా ఇంట్లో మగ్గం లేకుండా పోయింది గానీ, పెద్దత్తను ఇచ్చింది మాత్రం మగ్గాల ఇంటికే. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోగానే నాయిన మమ్మల్ని హైదరాబాద్ బస్సు ఎక్కించి, చౌటుప్పల్‌లో దింపమని కండక్టరుకు ఒకటికి నాలుగుసార్లు చెప్పేవాడు. నార్కట్‌పల్లి, చిట్యాల దాటి చౌటుప్పల్‌లో దిగేసరికి మామ భుజం మీద తువ్వాలతో నిలబడి ఉండేవాడు. అక్కడ ముగ్గురికీ తలా ఒక సోడా తాగించి నారాయణపురం బస్సు ఎక్కించేవాడు. ఆ సోడా మా అమ్మకు చెప్పకూడదని ఒప్పందం.

ఊళ్లోకి పోతుంటేనే వీధి పొడవునా చాపిన పడుగులు, అంటే బట్టకు నిలువు పోగులు, కనిపించేవి. తేలియా రుమాళ్లనే బట్టలు నేసే ఇళ్ల దగ్గర నూనెలో, ఆముదం కాయల బూడిదలో నానబెట్టిన నూలు వాసన వచ్చేది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడన్నా ఆ వాసన తగిలితే సెలవులు వచ్చినట్టే ఉంటుంది. ఆ తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అనే గుర్తింపు, వచ్చింది. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దే పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే వచ్చింది. పేరు పోచంపల్లిది అయినా, ఆ నేత పుట్టపాక, కొయ్యలగూడెం, ఇంకా చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో ఇళ్లిళ్లకూ ఉంది.

ఇంట్లో మగ్గం మీద కూర్చునేది మామ. చీర ఎవరు నేశారని అడిగితే ఎవరైనా మామ పేరే చెప్తారు. కానీ ఇక్కత్ చీరకు పేక, అంటే అడ్డపోగు, తయారు కావాలంటే ముందు ఆసు పోయాలి, రంగు అంటకూడని చోట చిటికీలు కట్టాలి, రంగులు అద్దాలి, విప్పాలి, కండెలు చుట్టాలి. అందులో ఆసు పెద్దత్తది. ఆసు అంటే ఒక చెక్క చట్రం. ఒక కొసన ఒకే మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారాన్ని ఈ మేకు చుట్టూ తిప్పి, ఆ వరుసలో ఒక్కో మేకుకు వేసి, మళ్లీ వెనక్కి తేవాలి. డిజైన్ సరిగా రావాలంటే ఒక్క పోగు కూడా తప్పకూడదు. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలని లెక్క. అంటే నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరల ఆసు పోసిన రోజులు పెద్దత్తకు లెక్కలేనన్ని ఉన్నాయి.

నేను ఆమె పక్కనే గోడకు ఆనుకొని కూర్చునేవాణ్ని. మగ్గాల గది చల్లగా ఉండేది, మగ్గం గుంటలోంచి మట్టి వాసన వచ్చేది. పెద్దత్త కుడిచేతి చూపుడు వేలు మీద దారం రాసుకొని రాసుకొని ఒక గాడి పడింది. పసుపు రాసినా, నూనె రాసినా ఆ గాడి పోలేదు. నేను ఆ వేలు పట్టుకొని నా గోరు అందులో పెట్టి చూసేవాణ్ని. "నొప్పి లేస్తదా అత్తా?" అని అడిగితే, "ఏలు ఏం నొయ్యదు అల్లుడా, రెక్కనే గుంజుతది" అనేది. రాత్రి పడుకునే ముందు మా అన్న ఆమె భుజం మీద కాలు పెట్టి మెల్లగా తొక్కాలి. అది అన్న డ్యూటీ. చెల్లె కాపడం పెట్టే ఉప్పు మూట వేడి చేసి తెచ్చేది. నాకు ఏ పనీ లేదు కాబట్టి పక్కన కూర్చొని కథ అడిగేవాణ్ని. చెప్తూ చెప్తూ మధ్యలోనే నిద్రపోయేది.

ఎక్కాలు నాకు వచ్చింది ఆ గదిలోనే. పెద్దత్త బడికి పోలేదు. కానీ పోగుల లెక్క ఆమెకు నోటికే. ఇన్ని పోగులకు ఒక పుంజం, ఇన్ని పుంజాలకు ఒక పువ్వు అని చెయ్యి ఆడిస్తూనే లెక్క కట్టేది. నేను పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోతే, "పదమూడు నాలుగులు ఎంతరా? యాభై రెండు గాదూ, గింత దానికి తల గోక్కుంటవేంది" అని దారం ఆపకుండానే అనేది. తర్వాత కాలంలో నాకు లెక్కలు చెప్పిన సార్లు చాలామంది ఉన్నారు. అంత ఓపిక ఉన్నవాళ్లు మాత్రం ఒకరో ఇద్దరో.

ఆమెకు సంతకం నేర్పింది మా అన్న. ఒక ఎండాకాలం మొత్తం పలక ముందు పెట్టుకొని కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం అన్నాలు అయ్యాక, ఎండ బాగా ఉండి వీధిలో పని ఆగిన గంటలో పాఠం. చెరిపినప్పుడల్లా పలక కొంగుతో తుడిచేది. జూన్‌లో మేం బయల్దేరేనాటికి ఒక కాగితం మీద తన పేరు వంకర టింకరగా, కానీ పూర్తిగా రాసి, దాన్ని దేవుని పటం వెనక దాచుకుంది. మామ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ కాగితం తీసి చూపించేవాడు.

సాయంత్రమైతే తపాలచెక్క. బియ్యప్పిండిలో ఉల్లాకు, నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం వేసి కలిపి, ఇత్తడి గిన్నె లోపలంతా చేత్తో ఒత్తేది. ఒత్తాక చూపుడు వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో ఒక్కో చుక్క నూనె. కట్టెల పొయ్యి మీద సన్నటి మంట. అడుగు ఎర్రగా మాడీమాడకుండా ఉన్నప్పుడు దించాలి. ఆ అడుగు పెచ్చు కోసం మేం ముగ్గురం కొట్టుకునేవాళ్లం. అందుకని పెద్దత్త మూడు చిన్న గిన్నెల్లో మూడు వేరువేరుగా పెట్టేది. పొద్దంతా ఆసు పోసిన చెయ్యితో మూడు గిన్నెలు ఒత్తాలి. అమ్మ ఇంట్లో అయితే ఒక్కటే పెద్ద గిన్నె, కొట్టుకుంటే నాలుగు తగిలించేది.

నీళ్ల సంగతి చెప్పకపోతే పెద్దత్త గురించి చెప్పినట్టే కాదు. నల్లగొండ వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, నారాయణపురం, చౌటుప్పల్ వైపు భూమిలో నీళ్లు ఫ్లోరైడ్ నీళ్లు. కింద ఉన్న గ్రానైట్ రాతిలోనే ఆ గుణం ఉంది. వానలు తక్కువ, చెరువులు ఎండిపోవడం, బోర్లు లోతుకు పోవడం. లోతుకు పోయినకొద్దీ రాతిలో చాలా కాలం నానిన నీళ్లు పైకి వచ్చాయి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకే మంచిది, ఒకటిన్నర దాటితే తాగకూడదు. ఈ అంకెలు మేం పెద్దయ్యాక చదువుకున్నాం. పెద్దత్తకు అంకెలు తెలియవు. బోరు నీళ్లు తాగిన పిల్లల పండ్లు పసుపుపచ్చగా, గోధుమరంగు చారలతో వస్తాయని, ముసలివాళ్ల మోకాళ్లు, నడుములు వంగకుండా బిగుసుకుపోతాయని మాత్రం ఆమె కళ్లారా చూసింది.

అందుకని ఆమె ఇంట్లో రెండు రకాల బిందెలు ఉండేవి. ఇంటి దగ్గరి బోరు నీళ్లు రెండు ఇత్తడి బిందెల్లో. ఊరి బయట చెరువు కింద ఒక పాత మోట బావి ఉండేది, దాన్ని తీపి నీళ్ల బాయి అనేవాళ్లు. ఆ నీళ్లు ఒక స్టీలు బిందెలో, మూత పెట్టి, పైన గుడ్డ కట్టి. పొద్దున్నే, ఆసు ముందు కూర్చోకముందే, ఆ బావి దాకా నడిచి ఒక బిందె తెచ్చేది. ఆ బిందె మాది. ఆమె బిడ్డలు, మేము, వీధిలోంచి ఆడుకోవడానికి వచ్చిన పిల్లలు, అందరూ అందులోంచే తాగాలి. పెద్దవాళ్లు బోరు నీళ్లు. ఒకసారి మామ పొరపాటున స్టీలు బిందెలో చెంబు ముంచితే, "పెరిగే పండ్లు వాళ్లయి, మనకేమైతది ఇగ" అని చెంబు లాక్కుంది. పిల్లలకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా లోపల పండ్లు తయారవుతూ ఉంటాయి, ఆ వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగితే మచ్చలు పడతాయని దంత వైద్యులు చెప్తారు. ఏ డాక్టరూ చెప్పకుండానే ఆమె సరిగ్గా ఆ పిల్లలనే కాపాడింది. తాను మాత్రం బోరు నీళ్లే తాగింది. ఇప్పుడు మా ముగ్గురి పండ్లూ తెల్లగా ఉన్నాయి. పెద్దత్త నేల మీద కూర్చొని లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. భుజం ఆసు తీసుకుంది, మోకాళ్లు నీళ్లు తీసుకున్నాయి.

మా జిల్లా పేరు మీద ఒక నీళ్ల శుద్ధి పద్ధతే ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే 'నల్లగొండ టెక్నిక్'. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో తయారు చేసింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో పుస్తకాల్లో నల్లగొండ పేరు అలా చదువుతారు. మామ కూడా ఎవరో చెప్తే కొన్ని రోజులు బకెట్లో పటిక కలిపి చూశాడు. రుచి బాగా లేదని, రోజూ అంత ఓపిక ఎక్కడిదని ఆగిపోయింది. పెద్దత్త నడకే ఆగలేదు.

ఇంటింటికీ నల్లా నీళ్ల కోసం మిషన్ భగీరథ పైలాన్ కట్టింది మేం సెలవులకు దిగే ఆ చౌటుప్పల్‌లోనే, 2015లో పని మొదలైంది. కృష్ణా నీళ్లు వాళ్ల ఇంటి నల్లాలో వచ్చినప్పుడు పెద్దత్త ఫోన్ చేసి, "నీళ్లొచ్చినయిరా, మీ పిల్లల తోలియ్యి" అంది. ఆమెకు ముందు గుర్తొచ్చింది మా పిల్లల పండ్లే.

మేనరికం ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. మా వైపు మేనత్తలందరికీ ఇదొక సరదా. అల్లుడు గడప తొక్కగానే "ఏం అల్లుడా, నా బిడ్డను చేసుకుంటవా?" అని మొదలుపెడతారు. మా అన్నను ఈ మాటతో ఏడిపించని రోజు లేదు. వదినె అని పిలవాల్సిన అమ్మాయిని చూస్తే అన్న చెవులు ఎర్రబడేవి. అన్నకు ఉద్యోగం వచ్చాక నాయిన నిజంగానే ఆ మాట ఎత్తాడు. వద్దన్నది పెద్దత్తే. "సరదాకు అంటి తమ్మి. మా వాడకట్టుల మేనరికం చేసుకున్నోళ్ల పిల్లలను చూస్తనే ఉన్న. నా బిడ్డా, నీ కొడుకా ఇద్దరూ నాకు కావాలె" అంది. ఆ తర్వాత అన్నకు సంబంధాలు చూసింది ఆమె, పెళ్లిలో అన్నీ ముందుండి చేసిందీ ఆమే.

అమ్మ వైపు వాళ్లను మరిచిపోతే అమ్మ ఒప్పుకోదు. చిన్నమ్మది అచ్చంపేట, అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా. అంగన్‌వాడీ టీచరు. దసరా ముందర నల్లమల సీతాఫలాలు ఒక గంప నిండా పేర్చి, మధ్య మధ్య గడ్డి వేసి, దేవరకొండ మీదుగా వచ్చే బస్సులో పంపేది. పాలమూరు సీతాఫలానికి ఎంత పేరంటే బాలానగర్ ఊరి పేరుతో ఒక రకమే ఉంది. కాయలు కన్ను విచ్చినవి ఒక వైపు, విచ్చనివి ఒక వైపు సర్ది, ఏది ఎప్పుడు తినాలో చీటీ రాసి పెట్టేది. ఆ చీటీలో మొదటి పేరు ఎప్పుడూ మా చెల్లెదే.

చెల్లెకు చిన్నమ్మ అంటే ప్రాణం. అమ్మకు చెప్పని మాట చిన్నమ్మకు చెప్పేది. ఇంటర్ అయ్యాక చెల్లెను చదువు మాన్పించి పెళ్లి చేద్దామని నాయిన అనుకుంటున్న సంగతి చిన్నమ్మకు ఎట్లా తెలిసిందో గానీ, మర్నాడు పొద్దున్నే ఇంట్లో దిగింది. నాయినకు ఎదురు కూర్చొని, గొంతు పెంచకుండా, "బావా, ఖర్చు మీకు కష్టమైతే పిల్ల నా దగ్గర ఉంటది. నా జీతంలనే చదివిస్త" అంది. అంగన్‌వాడీ జీతం అప్పట్లో ఎంతో నాయినకు తెలుసు. ఆ మాటకు ఆయన ఏమీ అనలేకపోయాడు. చెల్లె పాలమూరులో డిగ్రీ చదివింది, తర్వాత బీఈడీ చేసింది. సెలవు రోజుల్లో చిన్నమ్మ ఇంట్లోనే. ఇప్పుడు మిర్యాలగూడ దగ్గర బడిలో లెక్కలు చెప్తుంది. మొదటి జీతంతో రెండు చీరలు కొంది, ఒకటి అమ్మకు, ఒకటి చిన్నమ్మకు. రెండూ ఒకే రంగు, ఒకే ధర. ఎవరికీ ఎక్కువ తక్కువ అనిపించకూడదని షాపులో గంట నిలబడిందట.

మళ్లీ పెద్దత్త దగ్గరికి వస్తాను. బతుకమ్మకు అత్తలు ముగ్గురూ తల్లిగారింటికి, అంటే మా ఇంటికి వచ్చేవాళ్లు. ఆ తొమ్మిది రోజుల్లో చివరి మూడు నాలుగు రోజులైనా ఉండాలని నాయినమ్మ పట్టు. పొద్దున్నే మేం పిల్లలం తంగేడు, గునుగు కోసుకొస్తే, పెద్దత్త తాంబాళంలో పేర్చేది. గునుగు కొసలను రంగు నీళ్లలో ముంచే పని ఆమెకు వదిలేసేవాళ్లు. నూలుకు రంగు పట్టించే చెయ్యి కదా, ఏ రంగు పక్కన ఏది నిలుస్తుందో ఆమెకు చెప్పక్కర్లేదు. మా వాడలో మా బతుకమ్మ ఎప్పుడూ ముందే కనిపించేది. చివరి రోజు, సద్దుల నాడు, సత్తుపిండి, మలీద కలిపి ముద్దలు చేసి, ముందు మా చేతుల్లో పెట్టాకే మిగతావాళ్లకు.

మూడేళ్లకో ఐదేళ్లకో ఒకసారి అత్తలకు ఒడిబియ్యం పోసేవాళ్లు. తెలంగాణలో ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు చేసే మర్యాద. పీట మీద కూర్చోబెట్టి, కొంగు ఒడిగా పట్టించి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవికె బట్ట పోస్తారు. అమ్మ, నాయిన పోశాక మా వంతు వచ్చేది. నా చిన్న దోసిట్లో బియ్యం సగం కింద పడేవి. పెద్దత్త ఒక్కో గింజ ఏరి కొంగులో వేసుకునేది. మా ఇంట్లో పద్ధతి ఏంటంటే, లేచి వెళ్లేముందు ఆ ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి దేవుని గదిలో పోయాలి, పుట్టిల్లు చల్లగా ఉండాలని. చిన్నత్త, నడిపత్త ఐదు పిడికిళ్లే పోసేవాళ్లు. పెద్దత్త చెయ్యి పెద్దది, పిడికిలి పెద్దది, ఒక్కోసారి ఆరో పిడికిలి కూడా. అమ్మ "చాలు వదినె, నీకేం మిగలదు" అని చెయ్యి పట్టుకుంటే, "నా తల్లిగారిల్లే గదనే పిల్లా" అనేది.

ఆ తల్లిగారింట్లో ఆమెకు కాగితం మీద మిగిలింది మాత్రం ఏమీ లేదు. తాతకు ఊరి పక్కన కొంచెం పొలం ఉండేది. తాత పోయాక, నేను హైస్కూల్లో ఉండగా, నల్లగొండలో ఇల్లు కట్టడానికి దాన్ని అమ్మారు. కొనేవాళ్లు అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా కావాలన్నారు. తండ్రి వాటాలో కూతుళ్లకు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కొంత హక్కు ఉంది, అందుకే ఆ సంతకాలు. కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది గానీ, అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. మా అత్తలు ముగ్గురూ ఆ గీతకు అవతల ఉండిపోయారు. 2005లో దేశమంతటా పెళ్లయిన కూతుళ్లకూ హక్కు వచ్చేసరికి ఆ పొలం ఎప్పుడో చేతులు మారిపోయింది.

ముగ్గురూ ఒకే రోజు వచ్చారు. చిన్నత్త, నడిపత్త వేలిముద్ర వేశారు. పెద్దత్త సంతకం చేసింది. అన్న పలక మీద నేర్పిన ఆ సంతకమే, ఒక్కో అక్షరం ఆగి ఆగి. రాయడానికి వచ్చినాయన "అమ్మకు సంతకం వచ్చునా!" అని ఆశ్చర్యపోయాడు. "నా అల్లుడు నేర్పిండు" అంది. అక్కడ అన్న కూడా ఉన్నాడు. ఆ రోజు ముగ్గురికీ చీరలు పెట్టారు, అన్నాలు పెట్టారు, బస్సు ఎక్కించారు. ఇది మా ఒక్క ఇంట్లో జరిగింది అనడం లేదు. మా వాడలో ఏ ఇంట్లో చూసినా ఇదే. పసుపు కుంకుమల కింద ఇంత ఇచ్చాం కదా అనేవాళ్లు, ఆడబిడ్డలు కూడా తమ్ముడితో తగువెందుకు, పుట్టింటి గడప మూసుకుపోతుంది అనుకునేవాళ్లు. ఆ గడప తెరిచి ఉండటానికి వాళ్లు కట్టిన వెల అది. ఆ ఏడాది కూడా ఎండాకాలం సెలవులకు మేం పుట్టపాక పోయాం. మూడు గిన్నెల్లో తపాలచెక్క ఎప్పట్లాగే వచ్చింది.

ఆసు యంత్రం గురించి చెప్పాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి భుజాలు పడిపోయిన తన తల్లి కష్టం చూడలేక ఒక యంత్రం తయారు చేశారు. 1999 నాటి సంగతి. అమ్మ పేరు మీద దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నాలుగైదు గంటల పని గంటన్నరలో అవుతుంది. పెద్దత్త ఇంటికి ఆ యంత్రం వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. స్విచ్ వేయగానే దారం తానంతట తానే మేకు మేకుకూ పోతుంటే, ఆమె దగ్గరికి వచ్చి, చూపుడు వేలు దారానికి తగలనిచ్చీ తగలనివ్వక కాసేపు అట్లాగే చూసింది. "ఆ తల్లి కొడుకు సల్లగుండ. గింత ముందుగాల రాకపాయె" అంది. తర్వాత కోడలిని పిలిచి, పోగు ఎక్కడ తెగే అవకాశం ఉందో, తెగితే ఎట్లా అతకాలో చూపించడం మొదలుపెట్టింది. కోడలి భుజం బాగుంది. ఆ మాట పెద్దత్త ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్తుంది.

నాయిన పోయాక, 2019లో నల్లగొండ ఇల్లు అమ్మాం. అన్న హైదరాబాద్‌లో, నేను సూర్యాపేటలో, అమ్మ అన్న దగ్గర. ఆ ఇంట్లో ఉండేవాళ్లు లేరు. డబ్బు వచ్చిన రోజు అన్నే ముందు ఆ మాట ఎత్తాడు. ఈ ఇల్లు కట్టింది తాత పొలం డబ్బుతో, అందులో అత్తలకు రావాల్సింది ఉంది అని. చెల్లె కాగితం పెన్ను తీసుకొని లెక్క వేసింది. అమ్మ ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. "వదినెలకు ఇయ్యాల్సిందే" అంది. నడిపత్త అప్పటికే లేదు, ఆమె వంతు ఆమె పిల్లలకు ఇచ్చాం. చిన్నత్త చాలాసేపు వద్దని ఏడ్చి తీసుకుంది.

పెద్దత్త కూడా వద్దంటుందని, బతిమాలాల్సి వస్తుందని మేం దారంతా మాట్లాడుకుంటూ పోయాం. ఆమె అసలు వద్దనలేదు. అన్న చెప్పేదంతా విని, "ఎంత?" అని అడిగింది. చెప్పాం. "ఎట్ల కట్టిన్రు లెక్క?" అని అడిగింది. చెల్లె కాగితం చదివి వినిపించింది. పెద్దత్త మనసులో పోగులు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టి, సరిపోయింది అన్నట్టు తల ఊపి, చెక్కు తీసుకొని కొంగుకు ముడి వేసుకుంది. "మీ నాయిన ఉండంగ ఇస్తె ఇంకా సంతోషపడుదును. ఆయినె, మీరైతె ఇచ్చిన్రు" అంది. అంతే. తర్వాత అన్నం పెట్టింది.

ఆ డబ్బుతో కారుతున్న మగ్గాల షెడ్డుకు కొత్త రేకులు వేయించింది, మనవరాలు చౌటుప్పల్‌కు కాలేజీకి పోవడానికి స్కూటీ కొనిచ్చింది. రేకులు వేస్తుంటే వచ్చినవాళ్లకూ, పోయినవాళ్లకూ "నా తల్లిగారి పైసలు ఇవి, నా తండ్రి పొలం పైసలు" అని చెప్పిందట. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లతో, "మీరు గూడ మీ తమ్ములను అడుగుండ్రి, అడిగితే తప్పేంది" అని కూడా అందట. రెండు నెలల తర్వాత ఆ వీధి ఆయన ఒకరు అన్నకు ఫోన్ చేశాడు. వరసకు బావ అవుతాడు. మీరు ఇచ్చి ఊరుకోక ఊరంతా ఎగదోసిన్రు, మా అక్క ఇప్పుడు వాటా అడుగుతుంది అని కోపంగా మాట్లాడాడు. అన్న అంతా ఓపిగ్గా విన్నాడు. విని, "మీ అక్కకు గూడ ఇచ్చెయ్యి బావా" అని ఫోన్ పెట్టేశాడు.